పడుగుకి అవతల ఆగిన సైకిలు

పోయిన ఆదివారం మా మనవరాలు హారిక తన సైకిలు జట్టును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. జట్టంటే పెద్ద సంస్థేమీ కాదు, ఊళ్ళో జనం చేత కార్లూ స్కూటర్లూ కాసేపైనా మాన్పించి సైకిళ్ళు తొక్కించాలని కంకణం కట్టుకున్న నలుగురు పిల్లలు. ఒకడు బ్యాంకులో చేస్తాడు, ఒకమ్మాయి పళ్ళ డాక్టరు. జీతమా భత్యమా, వాళ్ళ తిప్పలు వాళ్ళవి. నెత్తిన పుచ్చకాయ డిప్పల్లాంటి టోపీలు పెట్టుకుని, కింద వదిలితే ఎవరు పట్టుకుపోతారోనని సైకిళ్ళను లిఫ్టులో పైకి తెచ్చి వరండా నిండా నిలబెట్టారు. వచ్చే ఆదివారం బందరు రోడ్డులో కొంతమేర బళ్ళు ఆపిస్తారట, సైకిళ్ళ ఊరేగింపు చేస్తారట, దానికి నేను వచ్చి జెండా ఊపాలట. ముసలిదాన్ని నేనెందుకర్రా అన్నాను. "మా అమ్మమ్మ యుద్ధం రోజుల్లోనే బెజవాడలో సైకిలు నేర్చుకుంది" అని హారిక వీళ్ళ దగ్గర గొప్పలు పోయిందని అప్పుడు తెలిసింది. ఆ పళ్ళ డాక్టరు పిల్ల నా పక్కన కూర్చుని, ఆ రోజుల్లో ఆడపిల్ల సైకిలెక్కితే ఆ స్వేచ్ఛ ఎలా ఉండేదో రెండు నిమిషాలు మాట్లాడితే చాలు అంది. నాకు నవ్వొచ్చింది. నేను సైకిలు నేర్చుకున్న మాట నిజం. నేర్చుకుని ఎక్కడికి వెళ్ళానో మా హారికకు నేనెప్పుడూ చెప్పలేదు, అది అడగనూ లేదు. రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు వన్‌టౌను అంటున్న పాత బెజవాడలో, కొండ నీడ పడే వైపు మగ్గాల వీధిలో ఉండేది మా ఇల్లు. రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి గది నిండా మగ్గాలు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక గోడ. మగ్గాల గదికి కిటికీలు లేకపోలేదు, ఉన్నాయి, వాటిని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. గాలి కొడితే నూలు ఎండిపోతుంది, ఎండిన నూలు పుటుక్కుమని తెగుతుంది. అందుకని ఎండాకాలంలో కూడా తలుపులు మూసి, నేల మీద నీళ్ళు చల్లి ఆ చెమ్మలోనే కూర్చునేవాళ్ళం. పులిసిన గంజి వాసన, నువ్వుల నూనె వాసన, తడిసిన మట్టి వాసన కలిసి ఒక రకమైన ముక్క వాసన మా బట్టలకూ జుట్టుకూ పట్టి ఉండేది. బళ్ళో పక్కపిల్లలు ముక్కు ఎగబీల్చి నేను మగ్గాల వీధి పిల్లనని చెప్పేసేవాళ్ళు. మా నాన్న వీరయ్య గుంట మగ్గం మీద నేసేవాడు. కాళ్ళు గుంటలో, నడుం దాకా భూమిలో దిగబడినట్టు పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా అలాగే ఉండేవాడు. నా చిన్నతనంలో నాన్న అంటే నాకు నడుం పైభాగమే గుర్తు. మంచివాడు, నోట్లో నాలుక లేని మనిషి. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంటి పెత్తనమంతా నాయనమ్మది.

నాయనమ్మ కేకలు వేసే మనిషి కాదు. ఎవరినీ వద్దు అన్నట్టు నేనెప్పుడూ వినలేదు. గడపలో కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపి, ఒడిలో చిక్కుపడిన నూలు పెట్టుకుని విడదీస్తూ ఉండేది. పెద్దవాళ్ళ కాళ్ళు దాటకూడదు గదా, ఆవిడ ముడుచుకుంటే తప్ప ఇంట్లోంచి బయటికి వెళ్ళే దారి లేదు. ముడుచుకోవాలంటే ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు, ఎవరితో అన్నీ విన్నవించుకోవాలి. అంతా విని, "ఆ కండెలు అయ్యాయా?" అని ఒక్క మాట అడిగేది. కండెలు అంటే మగ్గం మీద అడ్డనూలును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టలు. మగ్గానికి ఎన్ని చుట్టినా చాలవు. అవి అయ్యే ప్రశ్న లేదు, కాబట్టి మనం వెళ్ళే ప్రశ్నా లేదు. చుట్టే పని నాదీ మా సుబ్బత్తదీ. సుబ్బత్త నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మేమిద్దరం ఎదురూ బొదురూ కూర్చుని చెరొక రాట్నం తిప్పేవాళ్ళం. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి వేళ్ళ మధ్య నూలు. నూలు తెగిందంటే కంటితో చూసే వ్యవధి ఉండదు, చప్పుడు మారగానే అరచెయ్యి వెళ్ళి చక్రాన్ని ఆపెయ్యాలి. ఆపడం ఆలస్యమైతే తెగిన కొస కండెలో ఎక్కడో కలిసిపోయి మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది. మా వీధిలో పుట్టిన ఆడపిల్లకు మాటలు వచ్చినా రాకపోయినా ఆ చెయ్యి మాత్రం వచ్చేది.

నేను పెద్దమనిషినయ్యాక చదువు ఆగిపోయింది. చిన్నబడి మా వీధి చివరే, హైస్కూలేమో కాలువ అవతల. రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చేదెవరు? మగ్గం మీంచి మగవాళ్ళు లేవలేరు, రోజూ జట్కా మా తాహతుకు మించిన మాట, బస్సులు చూస్తే యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక బొగ్గు మీద నడుస్తూ, ఎత్తు వస్తే జనాన్ని దింపి తోయించుకునేవి. నాన్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు, చదువంటే తనకు ఇష్టమేనని, నా అంతట నేను పోయి రాగలిగే దారేదైనా ఉంటే తానే దగ్గరుండి చేర్పిస్తానని. ఆ దారి ఉండదని తెలిసి చెప్పాడో, ఉండాలని కోరుకుని చెప్పాడో గానీ నేను ఆ మాటను కొంగున ముడేసుకున్నాను. ఆ వేసవిలోనే సైకిలు మండలి వాళ్ళు మా వీధికి వచ్చారు.

వాళ్ళూ ఇప్పటి హారిక జట్టులాంటి వాళ్ళే. డ్రిల్లు చెప్పే శేషగిరి మాస్టారు పెద్ద, ఆయన వెనక ప్లీడరు గుమస్తాలూ కాలేజీ కుర్రాళ్ళూ. పెట్రోలు యుద్ధానికి పోతోంది, బస్సులను నమ్ముకుంటే పనులు కావు, బెజవాడలో ప్రతి ఒక్కరూ సైకిలు నేర్చుకోవాలి, మేం ఉచితంగా నేర్పుతాం అని వీధి వీధికీ తప్పెట కొట్టించి చెప్పారు. మగవాళ్ళకు కాలువగట్టున నేర్పేవాళ్ళు. ఆడవాళ్ళకు నేర్పడానికి కరుణమ్మ గారని ఒక నర్సు ఒప్పుకుంది. కాన్పులకు వేళాపాళా లేకుండా వెళ్ళవలసిన మనిషి గనుక ఆవిడ అప్పటికే సైకిలు మీద తిరిగేది. నీలం అంచు తెల్లచీర కుచ్చెళ్ళు ఒడుపుగా దోపుకుని, ఎవరైనా ఈల వేస్తే తనే గంట కొట్టి జవాబు చెప్పి పోయేది. ఆడవాళ్ళను నలుగురిలో నేర్చుకోమంటే రారని, మా వీధి వెనక ఉన్న బియ్యం మిల్లు వాళ్ళను అడిగి, చుట్టూ ఎత్తు గోడ ఉన్న వడ్ల గచ్చును పొద్దుటి పూట ఇప్పించారు.

నన్ను పంపించమని నాన్నను అడిగింది సుబ్బత్త. తన కోసం ఏనాడూ ఏదీ అడగని మనిషి. దారి ఉంటే పంపిస్తానన్నావు గదా అన్నయ్యా, ఇదే దారి అందట. నాన్న చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. గోడ లోపలే నేర్చుకోవాలి, అత్త వెంట ఉండాలి, బాగా వచ్చిందని కరుణమ్మ గారు చెబితే బడి చేర్చుకునే రోజున ఆవిడ వెంట సైకిలు మీద హైస్కూలుకు వెళ్ళి చేరవచ్చు. మండలి వాళ్ళు నాకొక సైకిలు ఎరువిస్తామన్నారు. నాయనమ్మకు చెబితే ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. మర్నాడు పొద్దున కాళ్ళు ముడుచుకుంది.

వడ్ల గచ్చు మీద గానుగెద్దులా గుండ్రంగా తిరగడమే ఆ చదువు. మొదట్లో నా చెయ్యే నాకు శత్రువైంది. గొలుసు ఎక్కడ టకటకమన్నా నూలు తెగినట్టే అనిపించి, హ్యాండిల్ వదిలేసి ముందుకు వంగి చక్రం మీద అరచెయ్యి వెయ్యబోయేదాన్ని. వేసీ వెయ్యకముందే బోర్లా పడేదాన్ని. కరుణమ్మ గారు ఇంతమందికి నేర్పింది గానీ ఈ రోగం ఎవరిలోనూ చూడలేదట. నవ్వీ నవ్వీ, నా మోచేతులు దోక్కుపోయిన చోట మందు రాస్తూ, "అమ్మాయ్, బ్రేకు ఇక్కడుందమ్మా. చక్రం మీద చెయ్యి పెట్టకు" అనేది. సుబ్బత్త మాత్రం నవ్వేది కాదు, గోడ నీడన కూర్చుని తన అరచేతిని తనే చూసుకునేది. వచ్చాక మాత్రం బాగా వచ్చింది. ఆ గచ్చు మీద ఒక మూల తిరిగేటప్పుడు, మిల్లు గోడ మీద నుంచి కాలువ వైపు గాలి వచ్చి ముఖాన కొట్టేది. గాలంటే పాపమని నమ్మిన ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మూల ఎప్పుడు వస్తుందా అని కాచుకుని తొక్కేదాన్ని. ఏమైనా నాకు తెలిసిన స్వేచ్ఛ ఆ మూల మలుపు దగ్గరి గాలే. మళ్ళీ గోడే.

చేరే రోజు వచ్చింది. ఆ పొద్దు దాటితే మళ్ళీ ఏడాదికే. కరుణమ్మ గారు తెల్లవారగానే సైకిళ్ళు తీసుకుని మా వీధి చివర ఉంటానంది. నేను తలంటుకుని, జడ వేసుకుని, నా పాత పుస్తకాలు గుడ్డలో మూట కట్టుకుని గడపలోకి వచ్చేసరికి అక్కడ నాయనమ్మ లేదు. వీధిలో ఉంది. మా గడప ముందు నుంచి వీధి పొడవునా పడుగు వేసి ఉంది.

పడుగు వెయ్యడమంటే తెలియని వాళ్ళకు చెప్పాలి. మగ్గానికి ఎక్కించబోయే నిలువు నూలునంతా వీధిలో గుంజల మధ్య మంచంపట్టెల ఎత్తున బిగించి లాగి, గంజి పట్టించి, పొడుగాటి కుంచెలతో ఇద్దరేసి ఎదురెదురుగా దువ్వుతారు. ఎండ ముదరకముందే అయిపోవాలి, ఆలస్యమైతే గంజి గట్టిపడి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, పడుగు మొత్తం పాడు. తెగిన పోగు తెగినట్టే చూసి ముడెయ్యాలి. ఇంట్లో కాళ్ళూ చేతులూ ఉన్న ప్రతివాళ్ళూ రావలసిందే. పడుగు వేసి ఉంటే ఎడ్లబండైనా వెనక్కు తిరిగి పోయేది. శవం వెళ్ళాల్సి వచ్చినా పక్క వీధి నుంచి తీసుకుపోయేవాళ్ళు. దాన్ని దాటడం అంటే తినే కంచాన్ని తన్నడమే.

నాయనమ్మ ఆ రోజే కావాలని వేయించిందా? ఇన్నేళ్ళూ నేను దీన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. కంట్రోలు రోజులవి. నూలు దొరక్క మా మగ్గాలు చాలా రోజులుగా ఊరికే ఉన్నాయి, ముందటి రోజు సాయంత్రమే నూలు చేతికొచ్చింది. పొయ్యిలో పిల్లి లేవాలంటే పడుగు వెయ్యాల్సిందే. అది ఒకరోజు ఆగగలిగేదే అని కూడా నాకు తెలుసు. ఆవిడ మనసులో ఏముందో ఆవిడతోనే పోయింది. పుస్తకాల మూటతో నిలబడిన నన్ను ఆవిడ ఎగాదిగా చూడనైనా లేదు. కుంచె నా చేతికిచ్చింది. నేను మూట గడపలో పెట్టి కుంచె అందుకున్నాను. ఎందుకు అందుకున్నానంటే చెప్పలేను, పడుగు వేసి ఉంటే మా వీధిలో ఏ చెయ్యైనా కుంచె అందుకుంటుంది.

పడుగుకు ఇవతల నేను, అవతల నా ఎదురుగా నాన్న. దువ్వుకుంటూ వెళుతున్నాం. వీధి చివర, పడుగుకు అవతలి వైపు, కరుణమ్మ గారు రెండు సైకిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చీర కొంగు గాలికి ఎగరడం నాకు కనిపిస్తూనే ఉంది. కాసేపటికి ఒకసారి గంట కొట్టింది. మరి కాసేపటికి ఇంకోసారి. గంట కొట్టినప్పుడల్లా నాన్న చెయ్యి ఆగేది, మళ్ళీ కదిలేది. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. వెళ్ళమ్మా అంటే చాలు, వంగి పడుగు కింద నుంచి దూరి పరిగెత్తేదాన్ని. నా పక్కన పోగులు ముడేస్తున్న సుబ్బత్తకు ఇక ఓపిక పట్టలేదు.

"అన్నయ్యా, దాన్ని పంపించు. దాని కుంచె కూడా నేను పడతా" అంది.

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ ఆకాశం వైపు చూసింది.

"ఎండెక్కుతోంది వీరయ్యా" అంది, అంతే.

నాన్న తల దించుకుని కుంచె లాగాడు. ఇవతలి నుంచి నేనూ లాగాను. పడుగు మీద నా కన్నీళ్ళు పడితే గంజి చెదురుతుందని ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాను. అప్పుడు కూడా ఆ జాగ్రత్త పోలేదు చూడండి, అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. కరుణమ్మ గారు చాలాసేపు ఆగింది. ఆవిడ మమ్మల్ని పిలవలేదు, ఆవిడకూ మా వీధి సంగతి తెలుసు. ఎండ మా పడుగు మీదికి వచ్చే వేళకు ఇంకో గంట కొట్టి, ఒక సైకిలెక్కి, రెండోదాన్ని ఒక చేత్తో నడిపించుకుంటూ మలుపు తిరిగిపోయింది. అదెలా చేసిందో, ఆ ఒడుపు నాకు నేర్పనేలేదు. పడుగు మాత్రం బాగా కుదిరిందని వీధంతా మెచ్చుకున్నారు.

తర్వాత శేషగిరి మాస్టారు స్వయంగా ఆ సైకిలును మా ఇంటికి తీసుకొచ్చారు. "వీరయ్య గారూ, ఇది అమ్మాయి కోసం పెట్టిన సైకిలండీ. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. మీ ఇంట్లోనే ఉండనివ్వండి" అన్నారు. దాన్ని మగ్గాల గదిలో గోడకు ఆనించారు. రోజూ కండెలు చుడుతూ దాన్నే చూసేదాన్ని. చెమ్మకు దాని ఊచలు తుప్పు పట్టాయి, టైర్లు మెత్తబడి చీలికలు ఇచ్చాయి. యుద్ధకాలంలో టైరు దొరకడమంటే దేవుడు దొరికినట్టే. ఏడాది తిరిగింది, ఇంకో ఏడాదీ తిరిగింది. మండలి కుర్రాళ్ళు కొందరు జైలుకూ కొందరు ఉద్యోగాలకూ పోయారు, కరుణమ్మ గారికి వేరే ఊరు బదిలీ అయింది. తిరిగి ఇద్దామంటే తీసుకునే వాళ్ళు లేరు.

ఒకనాడు నేను వీధిలో నూలు ఆరేసి వచ్చేసరికి నాన్న గుంటలో లేడు. నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. సైకిలు ముందు చక్రం ఊడదీసి, టైరు తీసేసి, చెక్క మీద రెండు గుంజల మధ్య బిగించి, తాడు వేసి, కండె చుట్టుకునే కదురుకు కలిపాడు. నా పాత చెక్క రాట్నం బీటవారి చాలా రోజులైంది, దాన్ని తిప్పలేక నా భుజం పడిపోతోందని సుబ్బత్త చెప్పిందట. పని మానుకుని, ఎవరూ అడగకుండా, నా కోసం నాన్న చేసిన మొదటి వస్తువది. నన్ను చూసి, పసిపిల్లాడిలా ముఖం వెలిగిపోతూ చక్రాన్ని ఒక తోపు తోశాడు.

"చూడు నాంచారూ, ఎంత తేలిగ్గా తిరుగుతుందో. ఇంక నీకు చెయ్యి నొప్పి ఉండదు."

పడుగు రోజు నాన్న మీద వచ్చిన కోపాన్ని నేను ఇంతకాలం నిప్పులా దాచుకున్నాను. ఏనాడో ఒకనాడు ఎదురుగా నిలబడి అడగాలనుకున్నాను. ఆ ముఖం చూశాక ఇక అడగలేనని తెలిసిపోయింది. వద్దు అన్న వాళ్ళను ఎదిరించవచ్చు. కొట్టిన వాళ్ళను వదిలి పారిపోవచ్చు. మన చెయ్యి నొప్పి పెడుతోందని పని మానుకుని చక్రం బిగించిన వాళ్ళను ఏం చేస్తాం? నేను కూర్చుని తిప్పాను. నిజంగానే తేలిగ్గా తిరిగింది. పెళ్ళయ్యేదాకా దాన్నే తిప్పాను. పెళ్ళయి మంగళగిరిలో మరో మగ్గాల ఇంటికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు దాన్ని కూడా బండిలో వేశారు. అక్కడ నా పిల్లలు పుట్టి పెద్దయ్యేదాకా తిప్పాను. ఆ చక్రం రోడ్డు మీద పోయి ఉంటే నన్ను ఏ ఊరు చేర్చేదో, లెక్క కట్టడం కూడా మానేశాను. చదువు తర్వాత నా తిప్పలు నేనే పడి, లైబ్రరీ పుస్తకాలతో నేర్చుకున్నాను. నాలుగు కథలు రాశాను, రచయిత్రి అనిపించుకున్నాను. అది వేరే దారి. ఆ ఉదయం పోవలసిన దారి మాత్రం ఆ వీధి చివరే ఆగిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి ఫ్లాటు బాల్కనీలో నిలబడితే ఆటోనగర్ వైపు టైర్లు గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. ఒక్క టైరు లేక మా గోడకు కుళ్ళిపోయిన సైకిలు గుర్తుకొచ్చి ఒక్కోసారి మా అమ్మాయిని ఊరికే కసురుతాను, అది బిత్తరపోతుంది. హారిక వాళ్ళు రోడ్డు మూయించి మరీ సైకిళ్ళు తొక్కుతారట. మాకు రోడ్డు మూసేది పడుగు. వీళ్ళు బయల్దేరిన చోటికే తిరిగొస్తారట, ఆ మాత్రానికి వెళ్ళడం ఎందుకర్రా అని ఆటపట్టించాను గానీ లోపల కుళ్ళుకున్నాను. నిజం చెప్పాలి గదా. గడపలో కాళ్ళు జాపుకుని కూర్చున్న వాళ్ళెవరూ లేని పిల్లలు వీళ్ళు.

వెళ్ళబోతూ ఆ పళ్ళ డాక్టరు పిల్ల తన సైకిలు గొలుసు జారిందని వరండాలో దాన్ని తలకిందులుగా నిలబెట్టి, గొలుసు ఎక్కించి పెడలు తిప్పింది. నేను కర్ర పట్టుకుని చూడటానికి వెళ్ళాను. చక్రం గిర్రున తిరుగుతోంది. ఇంతలో గొలుసు టకటకమంది. నాకేమీ తెలియలేదు, నా అరచెయ్యి వెళ్ళి చక్రం మీద పడింది. చక్రం ఠక్కున ఆగిపోయింది. ఆ పిల్ల హడలిపోయి, "అయ్యో అమ్మమ్మా, వేళ్ళు నలిగిపోతాయండీ, బ్రేకు ఇక్కడుంది" అంది. బ్రేకు ఎక్కడుంటుందో నాకు తెలుసునమ్మా అన్నాను.

హారిక నా భుజం పట్టుకుని, ఇంతకీ జెండా ఊపడానికి వస్తావా రావా అని అడిగింది. వస్తాను గానీ, మీరు పెట్టిన టైముకి ఊపను, కాసేపు ఆగి ఊపుతాను అన్నాను. అందరూ ఎండెక్కకముందే పోవాలనుకుంటారు, ఎందుకమ్మమ్మా ఆగడం అంది.

చక్రం మీద నుంచి చెయ్యి తియ్యకుండానే చెప్పాను.

"రావలసిన పిల్లెవరైనా ఇంకా పనిలో ఉండిపోయిందేమోనే."